పిలార్ గారి పెరుగన్నం

పధ్నాలుగు నెలల పాటు నా పేరు పిలార్, ఊరు మాడ్రిడ్. ఆ పధ్నాలుగు నెలలూ నేనున్నది మాత్రం సింగపూర్‌లో, బెడోక్‌లో, పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో. మాడ్రిడ్ మొహం చూసిన పాపాన పోలేదు. ఇందులో మోసం లేదా అంటే ఉంది. కానీ నేను చెప్పిన రైలెక్కి, నేను చెప్పిన ఊరు చూసి, చీకటి పడేలోగా హోటల్‌కి చేరలేకపోయిన మనిషి ఒక్కరుంటే చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం.

1999, 2000 రోజులవి. ఏ పేరు చివరైనా డాట్‌కామ్ అని తగిలిస్తే చాలు, అది కంపెనీ అయిపోయేది. మా బాసు కెల్విన్ టాన్‌కి ఇరవై ఆరేళ్ళు. టోవా పాయోలో సైకిళ్ళ షాపు మీద రెండు గదులు అద్దెకు తీసుకుని ఒక వెబ్‌సైట్ పెట్టాడు. యూరప్ రాజధానుల్లో దిగిన టూరిస్టులు పొద్దున్నే బయల్దేరి, చుట్టుపక్కల పాత ఊళ్ళు చూసి, సాయంత్రానికి తిరిగి రావాలంటే ఎలా వెళ్ళాలో అందులో చెబుతాం. ప్రతి రాజధానికీ అక్కడే పుట్టి పెరిగిన నిపుణులొకరు ఉంటారు, మెయిల్ రాస్తే జవాబిస్తారు. మాడ్రిడ్ నిపుణురాలిని నేను. పారిస్ ఆవిడది మలేసియాలో ఈపో. రోమ్ ఆయనది మదురై. మధ్యాహ్నం ముగ్గురం ఒకే హాకర్ సెంటర్‌లో కూర్చుని భోంచేసేవాళ్ళం.

కెల్విన్ పెట్టిన షరతు ఒక్కటే. పిలార్ మాడ్రిడ్ మనిషి కాదని ఏ ఒక్క కస్టమర్‌కి తెలిసినా ఆ సాయంత్రానికి నా టేబుల్ ఖాళీ అయిపోవాలి. సైట్‌లో పిలార్ ఫోటో కూడా ఉండేది కాదు, విసనకర్ర పట్టుకున్న ఒక ఆడమనిషి బొమ్మ ఉండేది. జుట్టు ముడి చూస్తే అచ్చం మా పెద్దత్తయ్యే.

ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. చెప్పుకోవడానికి సిగ్గెందుకు? నాగార్జునా యూనివర్సిటీలో చరిత్ర ఎం.ఏ. చేసి, పెళ్ళి చేసుకుని, మా ఆయన మధుసూదనరావు గారి వెంట డిపెండెంట్ పాస్ మీద ఇక్కడికొచ్చాను. తొమ్మిదేళ్ళు. ఆ తొమ్మిదేళ్ళలో నన్ను తారాదేవి అని పిలిచింది పాస్‌పోర్ట్ ఆఫీసువాళ్ళొక్కళ్ళే. మిగతా అందరికీ నేను మధు గారి మిసెస్‌ని, కీర్తిక మమ్మీని. ఇప్పుడు రోజుకు నలభై మంది నా జవాబు కోసం కాచుకుని కూర్చుంటున్నారు. పిలార్ అనే పిలవనీ, నాకేం.

పని మాత్రం ఒళ్ళు దాచుకోకుండా చేశాను. టోవా పాయో లైబ్రరీలో స్పెయిన్ పుస్తకాలన్నీ నా పేరు మీదే ఉండేవి. గోడకి టొలెడో, సెగోవియా, ఆవిలా మ్యాపులు, రైళ్ళ, బస్సుల టైములు. పక్కన మాడ్రిడ్ టైము చూపించే గడియారం. పుస్తకంలో "కొంచెం ఎత్తు" అని రాసి ఊరుకుంటాడు, అది ఎంత ఎత్తో వాడి మోకాళ్ళకేం తెలుసు? సెగోవియా కోట బురుజుకి నూట యాభై పైచిలుకు మెట్లున్నాయని చదివి, ఆ ఆదివారం మా బ్లాక్‌లో లిఫ్ట్ వదిలేసి కింది నుంచి పదో అంతస్తు దాకా ఎక్కాను. ఎక్కడ ఆయాసం వచ్చిందో, ఎక్కడ కూలబడాలనిపించిందో కాగితం మీద రాసుకున్నాను. కీర్తికకి తొమ్మిదేళ్ళు, నా వెనకే ఎక్కుతూ, "అమ్మా, ఎవ్రీబడీ లుకింగ్ లా," అని ఒకటే గొడవ. చూస్తే చూశారు. వాళ్ళెవరూ సెగోవియా వెళ్ళట్లేదు కదా.

కస్టమర్లందరిలోకీ నా బుర్ర తిన్న మనిషి ఒకాయన ఉన్నాడు. మెయిల్ కింద వి. రావు అని మాత్రమే ఉండేది. ఇండియాలో రైల్వేలో పనిచేసి రిటైరయ్యానని రాశాడు. అక్టోబరులో మాడ్రిడ్‌లో ఆరు రోజులుంటాడట, ఆరు రోజుల్లో ఎనిమిది ఊళ్ళు చూడాలట. ఏ రైలు ఏ స్టేషన్‌లో ఎన్ని నిమిషాలు ఆగుతుంది, లేటైతే తర్వాతి దానికి అదే టికెట్టు పనికొస్తుందా, ప్లాట్‌ఫారం ఏ వైపు వస్తుంది. ఇరవై ఏడు మెయిళ్ళు. పిలార్ మర్యాదస్తురాలు కాబట్టి జవాబులిచ్చింది. ఇంటికొచ్చాక తారాదేవి మాత్రం ఆయన్ని రైలు రావు అని పేరు పెట్టి తిట్టుకుంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉంటాడనుకున్నాను. ప్రపంచంలో రావులకేం కొదవ?

సెప్టెంబరు రెండో వారంలో జురాంగ్ వెస్ట్‌లో నిశాంత్ వాళ్ళింట్లో భోజనాలకి పిలిచారు. నిశాంత్ బ్యాంకు సాఫ్ట్‌వేర్ మనిషి, నాలుగు నెలల ప్రాజెక్ట్ మీద యూరప్ వెళుతున్నాడట, అందుకని వీడ్కోలు భోజనం. అతని తండ్రి విశ్వేశ్వరరావు అంకుల్, తల్లి సూర్యకుమారి ఆంటీ రెండేళ్ళుగా కొడుకు దగ్గరే ఉంటున్నారు. అంకుల్ బెజవాడ డివిజన్‌లో టైంటేబుల్ సెక్షన్‌లో ముప్ఫై ఆరేళ్ళు చేశారు. మేం పన్నెండున్నరకని చెప్పి పన్నెండు నలభైకి వెళితే, తలుపు తీసి, "పది నిమిషాలు లేటు," అన్నాకే లోపలికి రమ్మన్నారు.

విస్తట్లో పప్పు పడిందో లేదో అంకుల్ మొదలుపెట్టారు.

"మొదటి ఆరు రోజులూ నిశాంత్ మాడ్రిడ్ ఆఫీసులో ఉంటాడు, కూడా వెళ్ళి మేమిద్దరం ఊళ్ళు చూసొస్తాం. అంతా ప్లాన్ చేసేశా. మాడ్రిడ్‌లో పిలార్ గారని ఒకావిడున్నారు. అక్కడే పుట్టి పెరిగిన మనిషి. ఇరవై ఏడు మెయిల్స్ రాశానయ్యా, ఒక్కదానికీ విసుక్కోలేదు. అదీ డిసిప్లిన్ అంటే."

విసుక్కోకపోవడం సంగతి మా ఆయనకి బాగా తెలుసు. అన్నం కలపడం ఆపి నా వైపు చూశారు. నేను తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని గుత్తొంకాయ తింటున్నాను. కానీ నా నోరు నా మాట వినదు, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన లిస్టు చదువుతుంటే ఉండబట్టలేకపోయాను.

"అంకుల్, సెగోవియా, ఆవిలా ఒకే రోజు పెట్టుకోకండి. రెండూ ఎత్తు మీదున్న ఊళ్ళు. ఆంటీకి కష్టం."

అంకుల్ కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. "తారమ్మా, నువ్వు ఈ పక్కనున్న జొహోర్ బారు దాటి చూశావా తల్లీ?"

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు, దానికి ఇంటికెళ్ళాక ఫలితం అనుభవించారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు మరి. అదే ముక్క పిలార్ రాస్తే ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకుంటారు.

పెరుగు గిన్నె అందుకోవడానికి వంటింట్లోకి వెళితే ఆంటీ స్టూలు మీద కూర్చుని కుడి మోకాలు రుద్దుకుంటున్నారు.

"నొప్పా ఆంటీ?"

"నొప్పెప్పుడూ ఉండేదేలే. నీకో మాట చెబుతా, నవ్వకు. రైల్వే పాసుల మీద మేం చూడని ఊరు లేదమ్మా. కన్యాకుమారి నించి డెహ్రాడూన్ దాకా. కానీ అన్నీ రెండు రైళ్ళ మధ్యలోనే. తాజ్‌మహల్ నలభై నిమిషాలు. కాశీలో గంగ పావుగంట. 'పద పద, సిగ్నల్ పడుద్ది' అంటారు. ఆయన తప్పేం కాదు, అలవాటైపోయింది. ఒక్క ఊళ్ళో, ఒక్క రోజు, పొద్దున్నించి సాయంత్రం దాకా ఊరికే కూర్చుని చూడాలని ఉంది నాకు. ఎవరితో అన్లా, నీతోనే అంటున్నా."

"అంకుల్‌కి చెప్పకపోయారా?"

"చెప్తే ఆ కూర్చోడానికీ టైం రాస్తారు," అన్నారు ఆంటీ. ఇద్దరం నవ్వాం గానీ నాకు లోపల కలుక్కుమంది.

సోమవారం పొద్దున ఆఫీసుకెళ్ళగానే పిలార్ యుద్ధానికి దిగింది. సెగోవియాకి రైలు కన్నా బస్సు త్వరగా వెళుతుంది, అక్కడ రోజంతా ఉండమని రాశాను. రెండు వేల ఏళ్ళ నాటి రోమన్ కాలవ వంతెన ఊరి మధ్యలో నిలబడి ఉంటుంది, సున్నం చుక్క లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టారు, దాని కింద కూర్చుంటే పొద్దుటి ఎండకి ఒక రంగు, సాయంత్రపు ఎండకి ఒక రంగు కనిపిస్తుందని రాశాను. సెగోవియాలో పన్నెండు యాభైకి బస్సెక్కితే ఆవిలాలో రెండింటికల్లా దిగొచ్చు, కాబట్టి వంతెనకి యాభై నిమిషాలు సరిపోతాయని జవాబొచ్చింది. రెండు నుంచి ఐదు దాకా అక్కడ షాపులు మూసేస్తారు, దిగి ఏం చేస్తారని రాశాను. షాపింగ్‌కి రావట్లేదని జవాబు. ఆవిలా కోటగోడ ఎక్కాలంటే మెట్లున్నాయని రాశాను. నాకు అలవాటేనని జవాబు. ఆయనకి అలవాటట. పక్కన నడిచే మనిషి మోకాళ్ళ సంగతి ఒక్క మెయిల్లోనూ లేదు.

బుధవారం సాయంత్రం ఆరవ జవాబు చదివాక నాకు ఒళ్ళు మండింది. ఇక టైపు చేశాను, ఆగకుండా. మీ భార్యను ఒక్క రోజు ఊరికే కూర్చుని చూడనివ్వండి, ఊళ్ళు ఎక్కడికీ పారిపోవు అని రాశాను. భోజనానికి హోటళ్ళు వెతుక్కుంటూ టైము పాడుచేసుకోకండి, అన్నం మెత్తగా చిదిపి, కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి, ఒకే ఒక చెంచా పెరుగు కలిపి డబ్బాలో పెట్టుకోండి, దారిలోనే తోడుకుని మధ్యాహ్నానికి కమ్మగా ఉంటుంది, పెరుగే కలిపి పెట్టుకుంటే పులిసిపోతుంది, నంజుకోవడానికి ఊరమిరపకాయలు మర్చిపోకండి అని కూడా రాశాను. పంపేసి, బ్యాగు తగిలించుకుని, చాలా సంతోషంగా రైలెక్కాను.

రైలు రెండు స్టేషన్లు దాటాక నాకు తట్టింది. మాడ్రిడ్‌లో పుట్టి పెరిగిన పిలార్‌కి ఊరమిరపకాయలు ఎక్కడివి?

గురువారం జవాబు లేదు. శుక్రవారం లేదు. అన్ని మెయిళ్ళు రాసిన మనిషి నోరు మూసుకున్నాడంటే ఇంకేముంది, కెల్విన్‌కి ఫిర్యాదు రాస్తున్నాడన్నమాట. మా ఆయనతో చెబితే, "పోతే పోయింది లేవే, ఇంట్లో హాయిగా ఉండొచ్చు," అన్నారు. ఓదార్పే అనుకున్నారు పాపం. ఆ రాత్రి ఆయనకి పెట్టిన చారులో ఉప్పు లేదు, కావాలనే వెయ్యలేదు.

శనివారం పదింటికి బెల్ మోగింది. చూస్తే అంకుల్, ఆంటీ. అంకుల్ చేతిలో నా మెయిల్ ప్రింటు, పెరుగన్నం పేరా కింద ఎర్ర ఇంకుతో రెండు గీతలు.

"కనిపెట్టేశా తారమ్మా," అన్నారు కుర్చీలో కూర్చుంటూ. "ఈ పిలార్ గారు స్పెయిన్ మనిషి కాదు."

"అంకుల్, అది..."

"మన తెలుగావిడ. గుంటూరు, కృష్ణా జిల్లాలు తప్ప ఇంకోటి కాదు. పాలు పోసి తోడు కలిపి అన్నం కట్టడం దొరలకేం తెలుసు? మా అమ్మ మెడ్రాస్ మెయిల్‌కి ఇట్టాగే కట్టేది. అక్కడి వాణ్ణి చేసుకుని ఉండిపోయుంటది. అసలు పేరు ప్రమీలో ఏదో అయుంటది, వాళ్ళ నోరు తిరక్క పిలార్ అన్నారు. ఇన్నేళ్ళయినా ఊరమిరపకాయ మర్చిపోలేదు చూడు. పిల్ల ఒక్కత్తే ఎట్టా ఉంటుందో అక్కడ. వెళ్ళి చూడకుండా ఎట్టా వస్తాం?"

ఆంటీ నెమ్మదిగా సంచిలోంచి పెద్ద సీసా తీసి బల్ల మీద పెట్టారు. గోంగూర పచ్చడి. లిటిల్ ఇండియా నుంచి ఆరు కట్టలు తెచ్చి ఆవిడే స్వయంగా చేశారట, పిలార్ గారికి ఇవ్వడానికి.

"ఒక జాకెట్టు గుడ్డ కూడా పెడదామనుకుంటున్నానే," అన్నారు. "రాత చూస్తే నీ ఈడుదే అనిపిస్తోంది. నీకే రంగిష్టం?"

"నెమలి కంఠం రంగు," అన్నాను నాకు తెలియకుండానే.

"అదే తీసుకుంటాలే," అన్నారు ఆంటీ.

సోమవారం కంపెనీ ఓనర్‌కి ఫోన్ చేసి పిలార్ గారి అడ్రస్ కనుక్కుంటానని చెప్పి అంకుల్ లేచారు. సోమవారం. కెల్విన్‌కి. వాళ్ళటు వెళ్ళగానే నేను సోఫాలో కూలబడ్డాను. అడ్రస్ అడిగితే కెల్విన్ మొదట తెల్లబోతాడు, తర్వాత పాత మెయిళ్ళు తీసి చూస్తాడు, పెరుగన్నం దాకా వస్తాడు. నా టేబుల్ ఖాళీ. తొమ్మిదేళ్ళు మధు గారి మిసెస్‌గా ఉన్నాక మళ్ళీ అదే కావడం నా వల్ల కాదు.

నిజం చెప్పేస్తే సరిపోయేది. ఆ ఆలోచన వచ్చింది, కాదనను. కానీ ఇంకో ఆలోచన దాన్ని తోసుకుని ముందుకొచ్చింది. ఆదివారం ఆఫీసు తాళం తీసుకుని వెళ్ళి మెయిల్ రాశాను. రావు గారూ, అడ్రస్ కోసం శ్రమపడకండి. మీ సెగోవియా రోజున నాకూ అక్కడ పనుంది. వంతెన కింద కాఫీ హోటల్ ఉంటుంది, బయట కుర్చీలుంటాయి. పదకొండింటికి వచ్చి కలుస్తాను. పనిలో ఆలస్యమైతే ఏమీ అనుకోకండి, దయచేసి అక్కడే ఉండండి, తప్పకుండా వస్తాను.

మాట ఇచ్చిన మనిషి కోసం అంకుల్ ఎంతసేపైనా ఆగుతారు. ఆవిలా ఎగిరిపోతుంది. ఆంటీ రోజంతా కూర్చుంటారు. సాయంత్రం పిలార్ జ్వరమొచ్చి పడుకున్నానని క్షమాపణ రాస్తుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అక్టోబరులో వాళ్ళ సెగోవియా రోజు, గురువారం, సింగపూర్‌లో సాయంత్రం ఐదైంది. గోడ మీద మాడ్రిడ్ గడియారంలో పదకొండు. ఇప్పుడు కూర్చుని ఉంటారు అనుకున్నాను. రైల్లో వస్తూ అనుకున్నాను, బియ్యం కడుగుతూ అనుకున్నాను, కీర్తికకి లెక్కలు చెబుతూ అనుకున్నాను. ఆంటీ వంతెన వైపు చూస్తూ ఉంటారని మొదట్లో సంతోషంగా ఉంది. ఎనిమిదైంది, తొమ్మిదైంది. అంకుల్ గడియారం చూసుకుంటూ ఉంటారు కదా అన్నది అప్పుడు తట్టింది. ఆ ఆలోచన వచ్చాక అన్నం సహించలేదు. క్షమాపణ మెయిల్ పంపాను గానీ, నిశాంత్ ఆఫీసులో తప్ప వాళ్ళకి మెయిల్ చూసుకునే దారి లేదని పంపాక గుర్తొచ్చింది.

శుక్రవారం మూడింటికి ఆఫీసులో ఫోన్ మోగింది. కెల్విన్ ఎత్తాడు. వింటూ వింటూ అతని మొహం పాలిపోయింది. రిసీవర్ మీద చెయ్యి అడ్డం పెట్టి నన్ను పిలిచాడు.

"తారా, యువర్ పిలార్ మిస్సింగ్ లా. ఈ అంకుల్ మాడ్రిడ్ నుంచి, పోలీస్ స్టేషన్‌కి వెళుతున్నాడంట. పోలీస్ వస్తే నా కంపెనీ హౌ? పిలార్ రిజైన్డ్ అని చెప్పు. క్విక్."

రిసీవర్ నా చేతిలో పెట్టి పక్కనే నిలబడ్డాడు. అవతల అంకుల్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు, తన రైల్వే ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడమర్చి.

"సార్, శ్రద్ధగా వినండి. షి ఈజ్ ఏ లేడీ, అలోన్, ఫారిన్ కంట్రీ. మాట తప్పే మనిషి కాదు. ఏదో జరిగింది. మీరు పట్టించుకోకపోతే నేను పట్టించుకోవాలి. రాత్రంతా నాకు నిద్ర లేదు సార్."

రిజైన్డ్. ఒక్క మాట. అంటే అయిపోయేది, నా టేబుల్ నాకుండేది. ఆయన మాడ్రిడ్ వీధుల్లో లేని మనిషిని వెతుక్కుంటూ తిరిగేవారు. నోరు తెరిస్తే తెలుగే వచ్చింది.

"అంకుల్, పోలీసుల దగ్గరికి వెళ్ళకండి. నేను తారని."

"తారమ్మా? ఆ కంపెనీలో నువ్వెట్టా..."

"పిలార్ నేనే అంకుల్. మాడ్రిడ్‌లో ఎవరూ లేరు. మీ మెయిళ్ళన్నిటికీ జవాబు రాసింది నేనే. పెరుగన్నం నేనే. ఎవరికీ చెప్పకూడదు, చెబితే నా ఉద్యోగం పోతుంది. మా బాసు పక్కనే నిలబడ్డాడు, వాడికి తెలుగు రాదు. ఇక మీ ఇష్టం."

కెల్విన్ నా మొహంలోకి చూస్తున్నాడు.

"పదకొండు నించి ఏడు దాకా," అన్నారు అంకుల్. అరవలేదు, అరిచినా బాగుండేది. "పక్క కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేశాను, సీటు ఆపాను నీ కోసం. సింగపూర్ పద్ధతి వాళ్ళకేం తెలుసు, హోటల్ వాడు మూడుసార్లు తీసి పారేశాడు. మూడుసార్లూ కొత్త ప్యాకెట్ పెట్టా. బాత్రూంకి కూడా వెళ్ళలేదమ్మా, ఆ ఐదు నిమిషాల్లో వచ్చి వెళ్ళిపోతావేమోనని."

నాకు ఏడుపొచ్చేసింది. ఆఫీసు అని చూసుకోలేదు, ఏడ్చేశాను. పారిస్ ఆవిడ లేచి వచ్చి నా భుజం పట్టుకుంది.

ఫోన్లో అంకుల్ పక్కకి తిరిగి అంటున్నారు. "వింటున్నావా, పిలార్ గారంట మన తారేనంట."

"తెలుసు," అని ఆంటీ గొంతు దూరంగా వినిపించింది.

"తెలుసా?"

"ఊరికే కూర్చుని చూడాలన్న ముక్క దానికొక్కదానికే చెప్పా. మెయిల్లో అదే ఉంటే తెలీదా ఏంటి?"

"తెలిసీ నన్ను ఎనిమిది గంటలు కూర్చోబెట్టావా?"

"నిన్ననేగా కూర్చున్నారు," అన్నారు ఆంటీ. "నలభై ఏళ్ళలో."

ఆ తర్వాత అంకుల్ గొంతు మారింది, ఆఫీసరు గొంతయింది. "మీ బాసుకివ్వు ఫోను."

అయిపోయింది అనుకున్నాను. రిసీవర్ కెల్విన్‌కి ఇచ్చి నా టేబుల్ సొరుగు లాగాను. టీ కప్పు, గొడుగు, కీర్తిక గీసిన బొమ్మ. పెద్దగా సామానేం లేదు. వెనక కెల్విన్, "యెస్ సార్... యెస్ సార్... ఓ, రియల్లీ..." అంటున్నాడు. గొడుగు సంచిలో పెట్టాను.

"తారా," అని పిలిచాడు కెల్విన్. మొహం వెలిగిపోతోంది. "పిలార్ దొరికిందంట. హి మెట్ హర్. లేని మనిషి హౌ, ఐ డోంట్ ఆస్క్, నో పోలీస్ చాలు. బస్ బ్రేక్‌డౌన్ అయి లేటుగా వచ్చిందంట, వీళ్ళు చూసుకోలేదంట. ఇలాంటి ఆఫీసర్‌ని వదులుకోవద్దు అంటున్నాడు. నీతో మళ్ళీ మాట్లాడతాడంట."

ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క అబద్ధం ఆడలేదని చెప్పుకునే మనిషి. నేను రిసీవర్ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఉన్నావా?"

"ఉన్నానంకుల్. నన్ను..."

"అది సింగపూర్ వచ్చాక మాట్లాడతా, నీకు బాకీ ఉంది నా దగ్గర. ముందు సంగతి విను." ఆయన గొంతు సవరించుకున్నారు. "నిన్న రోజంతా నేను రోడ్డు వైపే చూశానమ్మా. వచ్చే ప్రతి ఆడమనిషి మొహం చూశా. ఆ వంతెన నా వెనకుంది. మీ ఆంటీ రాత్రి దాని గురించి చెబుతుంటే నాకొక్కటీ తెలీలా. పొద్దున ఒక రంగంట, సాయంత్రం ఇంకో రంగంట. ఎనిమిది గంటలు దాని కిందే కూర్చుని నేను చూళ్ళేదు."

"సారీ అంకుల్."

"రేపు సలమాంకా కొట్టేశా. మళ్ళీ సెగోవియాకే పోతున్నాం. రేపు నువ్వు రావని తెలుసు కాబట్టి తీరిగ్గా కూర్చుంటా. తారమ్మా, ఏ బస్సెక్కమంటావు?"

పిలార్ గారూ అనలేదు. తారమ్మా అన్నారు. ఎదురుగా గోడ మీద బస్సుల టైములు అన్నీ ఉన్నాయి, నాకు అవి చూడక్కర్లేదు కూడా.

"టైము చూడకండి అంకుల్," అన్నాను. "టిఫిన్ చేసి, నెమ్మదిగా స్టాండ్‌కి వెళ్ళి, ఏ బస్సుంటే అదెక్కండి."



"సరే, అట్టాగే పోతాం," అన్నారు. "అయినా మొదటి బస్సు ఎన్నింటికో చెప్పు."